పిల్లల కంటి కేన్సర్‌లో కన్ను తీసే ఆపరేషన్: మన గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నమస్కారం అండి. నేను డాక్టర్ని కాదు. మా అక్క కూతురికి రెండేళ్లు నిండకుండానే ఈ జబ్బు వచ్చి కుడి కన్ను తీయాల్సొచ్చింది, మేనమామగా మొదటి చెకప్ నుంచి ఇప్పటిదాకా పక్కనే ఉన్నాను. అప్పట్నించి అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు ఏ పిల్లకి ఇలా అని తెలిసినా ఎవరో ఒకరు నా నంబర్ ఇస్తున్నారు, ఫోన్ చేసినవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే. డాక్టర్లు మాకు చెప్పినవి, తర్వాత నేను అడిగి తెలుసుకున్నవి అన్నీ ఒకచోట రాస్తున్నాను. మీ పిల్ల విషయంలో మాత్రం చివరి మాట చూసిన డాక్టర్‌దే అండి.

అసలు ఏంటండీ ఈ జబ్బు?

రెటినోబ్లాస్టోమా అంటారు. కంటి లోపల వెనక గోడకి పరుచుకుని ఉండే పొర రెటీనా, మనం చూసేదాన్ని మెదడుకి పంపేది అదే, ఆ పొర ఇంకా ఎదిగే వయసులోనే అందులో కణాలు అదుపు తప్పి గడ్డ కడితే అదే ఈ కేన్సర్. అందుకే ఇది పసిపిల్లల జబ్బు, చాలామందికి అయిదేళ్ల లోపే బయటపడిపోద్ది. సుమారు 15 నుంచి 18 వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తది. ఇంత అరుదు కాబట్టి మన ఊళ్లో చూసే డాక్టర్‌కి కూడా ఇలాంటి కేసు ఎప్పుడూ ఎదురుపడి ఉండకపోవచ్చు, అది మనసులో పెట్టుకోండి.

ధైర్యం చెప్పే మాట ఒకటుంది. జబ్బు కంటి లోపలే ఉండగా పట్టుకుని వైద్యం చేస్తే 95 శాతం పైగా పిల్లలు బతికి బట్టకడతారు. కన్ను దాటి బయటికి వెళ్తే మాత్రం కథ మారిపోద్ది.

పిల్ల హాయిగా ఆడుకుంటోంది, నొప్పి లేదు, కంట్లో తెల్లగా మెరుస్తోంది అంతే. దీనికే కన్ను తీసేస్తారా?

నాకు వచ్చే ఫోన్లలో సగం ఇదే మాటతో మొదలవుతాయండి. మా ఇంట్లోనూ ఇంతే. సాయంత్రం పూట లైటు ఒక పక్క నుంచి పడితే పాప కుడి కంటి నల్లగుడ్డు మధ్యలో తెల్లటి మెరుపు కనపడేది, మా అమ్మ వాళ్ల నాన్నగారివి పిల్లికళ్లు, అవే వచ్చాయి అనుకున్నారు. కొంతమంది పువ్వేసింది అంటారు. ఇంకొంతమంది పిల్లలకి మెల్లకన్ను మొదలవుద్ది, మెల్ల అదృష్టం అని పెద్దవాళ్లు మురిసిపోతారు. మాకు దగ్గర్లో ఒకచోట చూపిస్తే మెల్లే, పెద్దయ్యాక సర్దుకుంటుంది అని పంపేశారు కూడా.

ఈ జబ్బుకి మొదట్లో నొప్పి ఉండదు. ఒక కన్ను చూడకపోయినా రెండోదాంతో పిల్ల బొమ్మలు ఏరుకుంటది, మెట్లు ఎక్కుతది, చెప్పే వయసు కాదు కాబట్టి మనకి తెలీదు. కన్ను ఎర్రబడి, వాచి, నొప్పితో ఏడ్చే దశకి వచ్చిందంటే అప్పటికే గడ్డ బాగా పెరిగి లోపల ప్రెషర్ ఎక్కువైందని అర్థం. అంచేత నొప్పి లేదు కదా అని ఆగకండి, నొప్పి లేనప్పుడే వెళ్లాలి.

ఫోటోలో ఒక కన్ను తెల్లగా పడింది, కేన్సరేనా?

అయి తీరాలని లేదు. పిల్ల ఒక పక్కకి చూస్తుండగా ఫ్లాష్ పడితే మంచి కంట్లో కూడా ఒక్కోసారి తెల్లగా వస్తది. కంటిలో శుక్లం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనా జబ్బు, రెటీనా రక్తనాళాలు పాడయ్యే కోట్స్ జబ్బు, ఇలా వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఒకటికి రెండు ఫోటోల్లో అదే కన్ను తెల్లగా పడితే ఆ వారంలోనే చుక్కల మందుతో కంటిపాప పెద్దది చేయించి, కంటి డాక్టర్ చేత రెటీనా చూపించండి. టార్చి కొట్టి చూసి బాగానే ఉంది అంటే సరిపోదు. పాత ఫోటోలు కూడా ఫోన్‌లో వెనక్కి వెళ్లి చూసుకుని డాక్టర్‌కి చూపించండి, ఎప్పట్నించి ఉందో వాళ్లకి అంచనా దొరుకుద్ది.

ముక్క తీసి టెస్ట్ చేయకుండానే కేన్సర్ అంటున్నారు, ఎలా నమ్మాలి?

మామూలుగా కేన్సర్ అంటే ముక్క పరీక్ష, బయాప్సీ చేస్తారని మనందరికీ తెలుసు కాబట్టి ఈ అనుమానం న్యాయమైనదే. ఈ జబ్బులో మాత్రం కావాలనే చేయరు. కంట్లోకి సూది గుచ్చి ముక్క తీస్తే ఆ రంధ్రంలోంచి కణాలు కంటి బయటికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకని పిల్లకి మత్తిచ్చి రెండు కళ్లూ నిదానంగా పరీక్ష చేస్తారు, బి స్కాన్ అనే అల్ట్రాసౌండ్‌లో గడ్డలో సున్నం పేరుకున్న మచ్చలు కనపడతాయి, అది ఈ జబ్బుకి పెద్ద గుర్తు. కంటి నరం, మెదడు ఎలా ఉన్నాయో ఎం ఆర్ ఐ చెప్తది. వీలైనంత వరకూ సిటీ స్కాన్ వద్దంటారు, ఈ పిల్లల్లో కొందరికి రేడియేషన్ తగలకుండా చూసుకోవాలి, ఎందుకో కింద చెప్తాను.

నమ్మకం కుదరకపోతే రెండో డాక్టర్ దగ్గరకి వెళ్లండి, తప్పేం లేదు, మేమూ వెళ్లాం. కాకపోతే ఇద్దరూ కంటి కేన్సర్ చూసేవాళ్లే అయ్యుండాలి, నెలల తరబడి కాకుండా కొద్ది రోజుల్లో తేలిపోవాలి.

కీమో, లేజర్ లాంటివి ఉన్నాయంట కదా, కన్ను ఉంచి చేయలేరా?

చేస్తారండి, చాలామంది పిల్లలకి అలాగే చేస్తున్నారు. కంటి లోపల గడ్డ ఎంత ఉంది, ఎక్కడ ఉంది, కణాలు ఎంత చెదిరాయి అన్నదాన్ని బట్టి ఎ (A) నుంచి ఇ (E) దాకా గ్రూపులు చేస్తారు. ఎ, బి, సి గ్రూపుల్లో కన్ను నిలబెట్టే అవకాశం బాగుంటది. కీమో మందు నరంలోకి ఎక్కించటం ఒక పద్ధతి, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి ట్యూబ్ పంపి నేరుగా కంటికి వెళ్లే రక్తనాళంలోనే మందు వదలటం ఇంకోటి, కంటి లోపలి జెల్లీలోకి మెల్ఫలాన్ అనే కీమో మందు ఇంజెక్షన్ ఇంకోటి, చిన్న గడ్డలకి లేజర్, చల్లదనంతో మాడ్చే క్రయో, కంటి గోడకి కొన్ని రోజులు రేడియేషన్ బిళ్ల కుట్టి ఉంచటం కూడా ఉంది. ఆ ఇంజెక్షన్ మాత్రం ప్రత్యేక జాగ్రత్తలతో, అది బాగా తెలిసినవాళ్లే చేస్తారు, బయాప్సీ వద్దన్నవాళ్లు ఇది ఎలా చేస్తున్నారు అని కంగారు పడకండి.

డి గ్రూపులో అటూ ఇటూ ఆలోచించాల్సి వస్తది. ఇ గ్రూపు అంటే కన్ను నిండా గడ్డ, లోపల రక్తస్రావమో ప్రెషరో, చూపు తిరిగి వచ్చే ఆశ లేకపోవటం. మా పాపది ఇ. అలాంటి కంటిని నిలబెట్టాలని నెలల తరబడి కీమో ఎక్కిస్తే పైపైన గడ్డ తగ్గినట్టు కనపడినా లోపల నరం వెంట జారిపోయే ప్రమాదాన్ని కప్పిపెట్టినట్టవుద్ది. అందుకే రెండో కన్ను బాగుండి ఒక్క కంటికే ఇంత ముదిరిన జబ్బు ఉంటే ఎక్కువ మంది డాక్టర్లు కన్ను తీయటమే మంచిదంటారు. ఒక్క ఆపరేషన్‌తో చాలామంది పిల్లలకి కీమో అవసరమే లేకుండా జబ్బు పోద్ది.

రెండు కళ్లకీ ఉన్నప్పుడు లెక్క వేరు. రెండిట్లో ఏ కన్ను నిలబడుద్దో చూసి దానికోసం శాయశక్తులా పోరాడతారు.

మీరు డాక్టర్‌ని అడగాల్సినవి మూడు: ఏ గ్రూపు, ఈ కంట్లో చూపు వచ్చే ఆశ ఉందా, కన్ను ఉంచితే ప్రాణానికి ఎంత రిస్క్. పుస్తకంలో రాసుకుని వెళ్లండి, లోపలికి వెళ్లాక నోట మాట రాదు.

కత్తి పెడితే కేన్సర్ పాకిపోద్దంట కదండీ?

మన వైపు ఈ మాట చాలా బలంగా ఉంది. మా పెదనాన్న కూడా ఇదే పట్టు పట్టారు, ఆపరేషన్ చేయించిన ఎవరెవరో నెలల్లోనే పోయారని పేర్లు చెప్పారు. నేను డాక్టర్‌ని సూటిగా అడిగాను. ఆయన చెప్పింది ఏంటంటే, ఆలస్యంగా వచ్చినవాళ్లకి అప్పటికే బయటికి పాకి ఉంటది, ఆపరేషన్ తర్వాత అది బయటపడుద్ది, జనం కత్తి వల్ల అనుకుంటారు.

ఈ కేన్సర్ బయటికి వెళ్లే ముఖ్యమైన దారి కంటి నరం, ఆప్టిక్ నర్వ్ అంటారు. అది నేరుగా మెదడుకే వెళ్తది. రెండో దారి రక్తం, దాని ద్వారా ఎముకల్లోకి, మూలుగలోకి. కాబట్టి కన్ను తీసేటప్పుడు గుడ్డుకి ఎక్కడా గాటు పడకుండా, గుచ్చకుండా, మొత్తం గుడ్డుని గుడ్డుగానే, దాని వెనక నరాన్ని వీలైనంత పొడవుగా, 15 మిల్లీమీటర్ల దాకా కలిపి తీస్తారు. పాకే దారినే కోసేస్తున్నారన్నమాట.

కన్ను తీయటం అనేది ఈమధ్య వచ్చిన పద్ధతి కూడా కాదు. జేమ్స్ వార్‌డ్రాప్ అనే స్కాట్లండ్ సర్జన్ 1809లోనే, తొందరగా కన్ను తీస్తే పిల్లలు బతుకుతారని రాశాడు, అప్పటికి ఆపరేషన్‌కి మత్తుమందు కూడా లేదు.

ఆషాఢం వెళ్లాక, మూఢం పోయాక చేయించొచ్చా? మొక్కు తీర్చుకుని వస్తాం అంటున్నారు.

వద్దండి, దయచేసి వద్దు. ఈ పేజీ మొత్తంలో మీరు ఒక్క జవాబే చదువుతానంటే ఇదే చదవండి.

మా వైపు పిల్లలకి టైం పోయేది డబ్బు లేక కంటే ఇంట్లో మాటలతోనే ఎక్కువ పోతోంది. అత్తగారి వైపు ఒప్పుకోవాలి, గల్ఫ్‌లో ఉన్న నాన్న సెలవు పెట్టి రావాలి, అంతర్వేదిలోనో ద్వారకా తిరుమలలోనో పుట్టువెంట్రుకలు తీయించాలి, పక్క ఊళ్లో పసరు మందు ఇచ్చే ఆయన దగ్గర ఒక్కసారి చూపించాలి. ఒక్కోటీ చిన్నదే, అన్నీ కలిస్తే నెలలు. ఈలోగా గడ్డ ఆగదు, రోజూ పెరుగుద్ది. కంట్లో పసర్లు, ఆముదం, చనుబాలు పోయటం వల్ల గడ్డ కరిగేది ఏమీ లేదు, పైగా ఇన్ఫెక్షన్ వచ్చి ఆపరేషనే వాయిదా పడొచ్చు.

మొక్కు కట్టుకోండి, మేమూ కట్టుకున్నాం. అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకుని, ఆపరేషన్ అయ్యి పాప కోలుకున్నాక వెళ్లి వ్రతం చేసుకున్నాం. గల్ఫ్‌లో ఉన్న బావ వీడియో కాల్‌లోనే డాక్టర్‌తో మాట్లాడి సరే అన్నాడు. అక్కకి ఆ రాత్రి ఎవరూ సర్ది చెప్పలేకపోయాం, అయినా తెల్లారి సంతకం పెట్టింది. కన్ను తీయటానికి ఒప్పుకున్న తల్లిని బిడ్డ కన్ను పోగొట్టింది అని ఎవరూ అనకూడదండి, ఆ కంట్లో చూపుని జబ్బు ఎప్పుడో తీసేసుకుంది, తల్లి కాపాడుకున్నది ప్రాణాన్ని.

ఎక్కడికి వెళ్లాలి?

కంటి కేన్సర్‌కి ప్రత్యేకంగా చూసే ఆక్యులర్ ఆంకాలజీ డాక్టర్ ఉన్నచోటికే. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి విడిగా విభాగం ఉంది. వాళ్లకే వైజాగ్‌లో, విజయవాడ పక్కన తాడిగడపలో కేంపస్‌లు ఉన్నాయి, మనకి అవే దగ్గర కాబట్టి ముందు అక్కడ చూపించుకుని వాళ్లు ఎలా చెప్తే అలా వెళ్లొచ్చు. చెన్నైలో శంకర నేత్రాలయ, మదురైలో అరవింద్ కూడా ఉన్నాయి. కీమో అవసరమైతే వైజాగ్ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కేన్సర్ హాస్పిటల్ ఉంది.

కోనసీమ వాళ్లకి ఇంకా రైలు లేదు కాబట్టి రాజమండ్రి వచ్చి గానీ చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి గానీ ఎక్కాలి. కాకినాడ వాళ్లకి గౌతమి, నరసాపురం, భీమవరం వాళ్లకి హైదరాబాద్ రాత్రి రైళ్లు ఉన్నాయి. వైద్యం కోసం వెళ్లే కేన్సర్ పేషెంట్‌కి స్లీపర్, థర్డ్ ఏసీల్లో టికెట్ ఫ్రీ, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గింపు, దానికి హాస్పిటల్ వాళ్లు ఫారం నింపి సంతకం పెట్టి ఇవ్వాలి, అడిగితేనే ఇస్తారు కాబట్టి మొదటిసారి వెళ్లినప్పుడే అడగండి.

డబ్బు సంగతి?

ఎన్టీఆర్ వైద్య సేవ, మనందరం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచేది, ఆ హాస్పిటల్లో ఈ ఆపరేషన్‌కి మీ కార్డు మీద వర్తిస్తదా అని అడ్మిట్ అవ్వకముందే అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రని అడగండి. హైదరాబాద్ వెళ్తుంటే ఆంధ్రా కార్డు పనికొస్తదో లేదో మరీ అడగండి. వర్తించకపోతే మొహమాటపడకుండా డబ్బు లేదని చెప్పండి, ఎల్వీ ప్రసాద్ లాంటి చోట్ల కట్టలేనివాళ్లకి ఉచితంగా చేస్తారు. సొంతంగా కట్టినవాళ్లు బిల్లులన్నీ ఒరిజినల్స్ దాచి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా ముఖ్యమంత్రి సహాయ నిధికి పెట్టుకోండి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

ఎన్యూక్లియేషన్ అంటారు. పూర్తి మత్తులో చేస్తారు, సుమారు గంట పడుద్ది. ముందు రాత్రే నర్సు ఎప్పట్నించి ఏమీ పెట్టకూడదో చెప్తది, మామూలుగా అన్నం, ఆవుపాలు, డబ్బాపాలు ఆరు గంటల ముందు ఆపాలి, తల్లిపాలు నాలుగు గంటల ముందు. పిల్ల ఏడుస్తోంది కదా అని అమ్మమ్మ దాచి ఒక బిస్కట్ పెట్టిందంటే ఆపరేషన్ వాయిదా, మత్తులో వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోద్ది కాబట్టి ఇది ఆషామాషీ కాదు.

లోపల, కంటి తెల్లగుడ్డు మీద ఉండే పల్చటి పొరని నల్లగుడ్డు చుట్టూ కోసి వెనక్కి జరుపుతారు. కంటిని తిప్పే కండరాలను ఒక్కోటీ పట్టుకుని దారం వేసి గుడ్డు నుంచి విడదీస్తారు. తర్వాత వెనక నరాన్ని పొడవుగా కోసి గుడ్డు బయటికి తీసి పరీక్షకి పంపుతారు. ఖాళీ అయిన చోట ఇంప్లాంట్ అనే గుండ్రటి బంతి పెడతారు, పిల్ల వయసుని బట్టి 18 నుంచి 22 మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ రకంది గానీ రంధ్రాలున్న రకంది గానీ. కండరాలని మళ్లీ కుట్టేస్తారు, అందువల్లే తర్వాత పెట్టే కృత్రిమ కన్ను కొంచెం అటూ ఇటూ కదులుద్ది. ఆ బంతి లేకపోతే పిల్ల పెరిగే కొద్దీ ఆ పక్క గుంత లోతుగా ఉండిపోయి మొహం ఒక పక్క తగ్గినట్టు ఉంటది. పైన పొర మూసి, రెప్పల వెనక కన్‌ఫార్మర్ అనే పల్చటి ప్లాస్టిక్ పెంకు పెట్టి గట్టి కట్టు కడతారు.

రెప్పలు, కనుబొమ్మ, వెంట్రుకలు ఏవీ తీయరు. మొహం మీద కోత ఉండదు.

తప్పు కన్ను తీసేస్తారేమోనని భయంగా ఉంది.

అక్క కూడా ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఇదే అడిగింది. ఏ కన్నో ముందే నుదుటి మీద గుర్తు పెడతారు, మిమ్మల్ని అడిగి కాగితం మీద రాయించుకుంటారు, మత్తిచ్చాక కోత పెట్టేముందు రెండు కళ్లూ మరోసారి లోపలికి చూసి ఖాయం చేసుకుంటారు. మీకు అడగాలనిపిస్తే అడగండి, ఏమీ అనుకోరు.

కట్టు విప్పాక ఎలా ఉంటది? చూడలేనేమో.

ఈ ప్రశ్న తల్లులే అడుగుతారు, మెల్లగా అడుగుతారు. రక్తంతో ఖాళీ గొయ్యి ఉంటదని ఊహించుకుంటారు. అలా ఉండదండి. రెప్పలు వాచి కమిలి ఉంటాయి, మూసుకుని ఉంటాయి. కొద్ది రోజులకి వాపు తగ్గాక రెప్ప ఎత్తి చూస్తే లోపల బుగ్గ లోపలి వైపు ఉన్నట్టే తడిగా, గులాబి రంగులో ఉంటది, దాని మీద ఆ పల్చటి ప్లాస్టిక్ పెంకు. ఇంకేం ఉండదు. నర్సు చూపిస్తుండగానే మీరూ చూడండి, చుక్కలు వేయటం అక్కడే నేర్చుకోండి, ఇంటికి వచ్చాక మొదటిసారి చూడటం కష్టం.

పిల్లలు మనకంటే గట్టివాళ్లు. మత్తు దిగిన రోజు ఏడుపు, వాంతులు, ఒకటి రెండు రోజులు నొప్పి మందు. మా పాప మర్నాడు సాయంత్రానికి కట్టుతోనే వార్డులో పక్క బెడ్ పిల్లాడి బంతి కోసం పేచీ పెట్టింది. ముదిరిన కంటిలో ప్రెషర్ నొప్పి ఉన్న పిల్లలైతే కన్ను తీశాకే సరిగ్గా నిద్రపోతారు.

జ్వరం, పచ్చటి పుసి, వాసన, వాపు తగ్గకుండా పెరగటం, లోపలి బంతి బయటికి కనపడటం, వీటిలో ఏది ఉన్నా వెంటనే ఫోన్ చేసి వెళ్లాలి. కన్‌ఫార్మర్ ఊడి వస్తే కంగారు పడకండి, అది కన్ను కాదు. చేతులు సబ్బుతో కడుక్కుని, దాన్ని శుభ్రమైన నీళ్లతో కడిగి, నేర్పించినట్టు పెట్టండి, చేతకాకపోతే కడిగిన డబ్బాలో వేసుకుని ఒకటి రెండు రోజుల్లో చూపించండి.

తీసేశాక కూడా కీమో అంటున్నారు, ఎందుకు?

తీసిన కన్ను పేథాలజీకి వెళ్తది. ఆపరేషన్ ఎంత బాగా జరిగినా అసలు సంగతి ఆ రిపోర్టులో ఉంటది, అది తీసుకోకుండా ఊరికి వచ్చేసి మర్చిపోయేవాళ్లు ఉన్నారు, అలా చేయకండి. నరంలో గడ్డ ఎంత దూరం వెళ్లింది, కోసిన చివర శుభ్రంగా ఉందా, రెటీనా వెనక రక్తనాళాల పొరలోకి 3 మిల్లీమీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ దిగిందా, కంటి తెల్లగోడలోకి వెళ్లిందా అని చూస్తారు. ఇవేవీ లేకపోతే చెకప్‌లే. ఉంటే విన్‌క్రిస్టీన్, ఎటోపొసైడ్, కార్బోప్లాటిన్ అనే మూడు మందులతో మూడు నాలుగు వారాలకోసారి, మామూలుగా ఆరు సార్లు ఇస్తారు. జుట్టు ఊడుద్ది, మళ్లీ వస్తది. ఆ రోజుల్లో జ్వరం వస్తే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి పడుకోబెట్టకండి, తెల్ల రక్తకణాలు పడిపోయి ఉంటాయి, రాత్రైనా పెద్ద హాస్పిటల్‌కే తీసుకెళ్లాలి.

కృత్రిమ కన్ను ఎప్పుడు పెడతారు? ఎలా ఉంటది?

ఆపరేషన్ అయిన ఆరు వారాలకి అటూ ఇటూగా. రెడీమేడ్‌వి తక్కువకి దొరుకుతాయి గానీ వీలుంటే పిల్ల కొలత తీసి చేసేదే చేయించండి, తేడా చాలా ఉంటది. మా పాపకి చేసేటప్పుడు నేను అక్కడే కూర్చుని చూశాను. ముందు ఆ చోటు అచ్చు తీసి మైనంతో ఆకారం చేశాడు, పెట్టి చూసి, గీకి, మళ్లీ పెట్టి చూశాడు, రెప్ప రెండో పక్క రెప్పతో సమానంగా వాలేదాకా. తర్వాత పాప మంచి కన్ను చూస్తూ నల్లగుడ్డు రంగు వేశాడు, మనకి నలుపు అనిపిస్తది గానీ దగ్గరగా చూస్తే అందులో తేనె రంగు, ముదురు గోధుమ రంగు గీతలు ఎన్ని ఉన్నాయో. ఆఖరికి ఎర్రటి సన్న పోగులు తీసి తెల్లగుడ్డు మీద నరాల్లా ఒక్కొక్కటే అంటించాడు. దాని మీద అక్రిలిక్ పొర వేసి పాలిష్ పట్టారు. పెట్టాక అక్క చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత పాపని ఎత్తుకుని అద్దం దగ్గరకి తీసుకెళ్లింది.

చూపు మాత్రం రాదు, అది చూడటానికి కన్నులా ఉంటదంతే. రోజూ తీసి కడగక్కర్లేదు, ఊరికే తీస్తుంటే పుండవుద్ది. డాక్టర్ చెప్పినన్నాళ్లకి తీసి పిల్లల సబ్బు, శుభ్రమైన నీళ్లతో కడగండి, స్పిరిట్, శానిటైజర్, వేడినీళ్లు తగలనివ్వద్దు, పాడైపోద్ది. ఏడాదికోసారన్నా పాలిష్ చేయించాలి, పిల్ల పెరిగే కొద్దీ కొత్తది చేయించాలి. కాలువలో, చెరువులో ఈతకి దించేటప్పుడు కళ్లకి గాగుల్స్ ఉండాలి, లేకపోతే తీసి ఇంట్లో పెట్టండి, నీళ్లలో జారిపోతే దొరకదు.

నా కన్ను ఇస్తాను, మార్చలేరా?

ఎంతమంది నాన్నలు అడిగారో ఈ మాట. మార్చగలిగేది ముందుండే కార్నియా పొరని మాత్రమే. మొత్తం కన్ను మార్చినా కంటి నరాన్ని మెదడుతో మళ్లీ కలపటం ఇంకా సాధ్యం కాలేదు. 2023లో న్యూయార్క్‌లో ఒకాయనకి మొహంతో పాటు కన్ను కూడా మార్చారు, కన్ను బతికింది, చూపు రాలేదు.

మేనరికం వల్ల వచ్చిందా? గ్రహణం పట్టినప్పుడు బయటికి వెళ్లింది అంటున్నారు.

రెండూ కాదు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నదానికీ కాదు. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, ఇది ఆ లెక్కలోది కాదు. ప్రతి మనిషిలో ఆర్‌బి1 అనే జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, కణాలు హద్దు మీరకుండా కాపలా కాసేది అదే. ఒకే కణంలో రెండు ప్రతులూ చెడితే గడ్డ మొదలవుద్ది. ఈ సంగతి 1971లో నడ్‌సన్ అనే అమెరికా డాక్టర్ లెక్కలు కట్టి ఊహించాడు, 1986లో ఆ జన్యువు దొరికింది.

సుమారు 60 శాతం పిల్లల్లో ఆ రెండు ప్రతులూ రెటీనాలో కణంలోనే చెడతాయి, అది వంశంలోకి పోదు. మిగతా 40 శాతంలో ఒక ప్రతి పుట్టుకతోనే ఒళ్లంతా చెడి ఉంటది, వాళ్లలో కూడా ఎక్కువమందికి అమ్మానాన్నల్లో జబ్బు ఉండదు, కొత్తగా మొదలైందే. అంచేత ఏ వైపు నుంచి వచ్చింది అని కోడల్ని సాధించేవాళ్లకి ఈ పేరా చదివి వినిపించండి.

రెండో కంటికి వస్తదా? ఎన్నాళ్లు చెకప్‌లు?

పుట్టుకతో వచ్చిన రకం అయితే రావచ్చు. రెండు కళ్లకీ వచ్చినవాళ్లంతా ఆ రకమే, ఒక్క కంటికే వచ్చినవాళ్లలో సుమారు 15 శాతం ఆ రకం. రక్త పరీక్షతో తెలుస్తది, వీలుంటే చేయించండి, తీసిన కంటి గడ్డ నుంచి కూడా చూస్తారు. తేలేదాకా రెండో కంటిని మత్తిచ్చి మొదట్లో వారాల తేడాతో, తర్వాత నెలల తేడాతో చూస్తూనే ఉంటారు. కన్ను పెట్టేశాం, పిల్ల బాగుంది అని మానేసేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటున్నారు. వరికోతలైనా, చెరువు పట్టుబడైనా ఆ డేట్ తప్పకండి. పుట్టుకతో వచ్చిన రకం పిల్లలకి పెద్దయ్యాక ఎముకల కేన్సర్ లాంటివి వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ, రేడియేషన్ దాన్ని ఇంకా పెంచుద్ది, అందుకే పైన సిటీ స్కాన్ వద్దన్నాను. ఎదిగే వయసులో ఎముక దగ్గర తగ్గని నొప్పి, వాపు ఉంటే బెణికింది అనుకోకుండా చూపించండి.

ఒక కంటితో చదువు, ఆటలు?

అన్నీ. చిన్నప్పుడే అలవాటు పడిపోతారు కాబట్టి మెట్లు, బంతి పట్టుకోవటం కొద్ది నెలల్లో సర్దుకుంటాయి. బడిలో టీచర్‌కి చెప్పండి, కుడి కన్ను లేకపోతే తరగతిలో కుడి వైపు చివర కూర్చోబెట్టమనండి, అప్పుడు బోర్డు, మిగతా పిల్లలు అందరూ చూసే కంటి వైపే ఉంటారు. రోడ్డు దాటేటప్పుడు తల పూర్తిగా తిప్పి చూడటం నేర్పండి.

ఉన్న ఒక్క కంటికి దెబ్బ తగలకుండా సులువుగా పగలని పాలీకార్బనేట్ అద్దాలు పవర్ లేకపోయినా పెట్టించండి. దీపావళికి దూరంగా నిలబడాలి, సంక్రాంతి పందేల బరుల దగ్గరికి తీసుకెళ్లకండి, నూర్పుళ్లప్పుడు కళ్లంలో ఆడనివ్వద్దు, వడ్ల నలక పడితే నలపకుండా డాక్టర్‌కే చూపించాలి. సైన్యం, రైలు డ్రైవర్ లాంటి ఉద్యోగాలకి రెండు కళ్లూ అడుగుతారు, మిగతావి చాలానే ఉన్నాయి.

వికలాంగుల సర్టిఫికెట్ వస్తదా?

రెండో కన్ను బాగుంటే 30 శాతం వేస్తారు. ఎక్కువ పథకాలకి, రిజర్వేషన్‌కి 40 శాతం ఉండాలి కాబట్టి వాటికి సరిపోదు. దళారులకి డబ్బులిచ్చి ఎక్కువ వేయించే పని పెట్టుకోకండి. రెండో కంటి చూపు కూడా తగ్గి ఉంటే శాతం పెరుగుద్ది, అప్పుడు సదరం క్యాంపుకి వెళ్లండి.

ఆడపిల్ల, రేపు పెళ్లి ఎలా?

రెండేళ్ల పిల్ల గురించి ఆపరేషన్ గది బయట ఈ మాట అనేవాళ్లు ఉంటారు, మాకూ అన్నారు. పిల్ల ఉంటేనే కదండీ పెళ్లి. పెద్దయ్యాక ఆ పిల్లకి తన జబ్బు సంగతి, రక్త పరీక్షలో ఏం వచ్చిందో స్పష్టంగా తెలిసి ఉండాలి, కాగితాలన్నీ ఆమె పేరు మీద ఫైలు కట్టి ఉంచండి, సంబంధం వచ్చినప్పుడు దాచకండి. పుట్టుకతో వచ్చిన రకం అయితే పుట్టే ప్రతి బిడ్డకీ ఆ చెడిన ప్రతి వెళ్లే అవకాశం సగానికి సగం.

మాకు ఇంకో బిడ్డ కావాలి. మళ్లీ వస్తదా?

ముందు ఈ పిల్లకి రక్తంలో ఆర్‌బి1 పరీక్ష చేయించండి. అందులో మార్పు దొరికితే తల్లిదండ్రులిద్దరికీ, ఉన్న అక్కచెల్లెళ్లు అన్నదమ్ములకీ అదే మార్పు ఉందేమో చూస్తారు, లేనివాళ్లకి మాటిమాటికీ మత్తిచ్చి పరీక్ష చేసే బాధ తప్పుద్ది. అమ్మానాన్నల కళ్లు కూడా ఒకసారి లోపలికి చూస్తారు, ఎప్పుడో చిన్నప్పుడు వచ్చి దానంతటదే ఆగిపోయిన మచ్చ ఒక్కోసారి పెద్దవాళ్లలో కనపడుద్ది. మార్పు తెలిస్తే కడుపులో ఉండగానే ఉమ్మనీరు తీసి పరీక్ష చేసే వీలుంది, వంశంలో వచ్చే జబ్బుల గురించి సలహా ఇచ్చే జెనెటిక్ కౌన్సెలర్‌తో గర్భానికి ముందే మాట్లాడండి. ఆ పరీక్షలు ఏవీ కుదరకపోతే బిడ్డ పుట్టిన మొదటి వారం పది రోజుల్లోనే రెండు కళ్లూ కంటి కేన్సర్ డాక్టర్ చూడాలి, పురుడు పుట్టింట్లో పోసుకుంటారు కాబట్టి అక్కడి నుంచి ఎలా తీసుకెళ్లాలి, ఎవరు తోడు వెళ్లాలి అన్నది ఎనిమిదో నెలలోనే మాట్లాడుకుని అపాయింట్‌మెంట్ తీసుకోండి.